ఫ్రీలాన్సర్ల వాటా పెరిగితే సంస్థ ఉత్పాదకత నిజంగా పెరుగుతుందా?

ప్రశ్న: పనివేళ

అందరికీ నమస్కారం. సాంకేతిక పత్రాల రచన, డేటా విశ్లేషణ చేసిపెట్టే నలభై మంది సంస్థలో నేను ప్రాజెక్టుల నిర్వహణ చూస్తున్నాను. రెండేళ్లుగా మా దగ్గర ఖాళీ అయిన పర్మనెంట్ ఉద్యోగాలను భర్తీ చేయకుండా, అవసరాన్ని బట్టి ఫ్రీలాన్సర్లనూ, ఏజెన్సీ పంపే తాత్కాలిక సిబ్బందినీ తీసుకుంటున్నారు. ఉద్యోగి ఒక్కరికి వచ్చే ఆదాయం ఏటా పెరుగుతోందని యాజమాన్యం సంతోషంగా ఉంది. మరోవైపు గడువులు దాటిపోతున్నాయి, సీనియర్లు పొద్దుపోయేదాకా కూర్చుని బయటివారు చేసిన పనిని సరిదిద్దుతున్నారు. ఈ రెంటిలో దేన్ని నమ్మాలి? తాత్కాలిక సిబ్బంది ఎంతవరకు మేలు చేస్తారో, ఎక్కడి నుంచి నష్టం మొదలవుతుందో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

జవాబు 1: పద్దుపుస్తకం

ముందు ఆ లెక్కనే అనుమానించండి. ఒక సంస్థ ఆదాయం 100, బయట నుంచి కొన్న సేవల ఖర్చు 20, ఉద్యోగులు 10 మంది అనుకుందాం. అదనపు విలువ, అంటే ఆదాయంలోంచి ఆ ఖర్చు తీసేస్తే మిగిలేది, 80. తలకు 8. ఇద్దరు ఉద్యోగులు వెళ్లిపోయారు, వారి పనిని 10 చెల్లించి ఇద్దరు ఫ్రీలాన్సర్లతో చేయించారు, ఆదాయం మాత్రం మారలేదు. ఫ్రీలాన్సర్ల బిల్లు జీతాల పద్దులోకి రాదు, కొనుగోళ్ల పద్దులోకి పోతుంది. కాబట్టి అదనపు విలువ 70కి తగ్గుతుంది, తలలు 8 మాత్రమే కాబట్టి తలకు 8.75 వస్తుంది. ఆదాయాన్నే తలలతో భాగిస్తే 10 కాస్తా 12.5 అవుతుంది. చేసిన పని అదే, చేసిన మనుషులూ పది మందే, అయినా రెండు సూచికలూ పైకి లేచాయి. మీ యాజమాన్యం చూసి మురిసిపోతున్నది బహుశా ఇదే.

ఫ్రీలాన్సర్లకు ఇచ్చిన 10ని తిరిగి అదనపు విలువలో కలిపి, వారు పనిచేసిన గంటలనూ తలల లెక్కలోకి మార్చి కింది సంఖ్యలో చేర్చి చూడండి. పై ఉదాహరణలో మళ్లీ 8 దగ్గరికే వస్తాము. ఏజెన్సీ సిబ్బంది విషయంలోనూ ఇలాగే చేయాలి. మీ రెండో ప్రశ్నకు ఎవరూ ఒక శాతం చెప్పలేరు. జర్మనీ సంస్థల సమాచారం ఆధారంగా 2012లో వెలువడిన ఒక పరిశోధనలో మాత్రం, ఏజెన్సీ సిబ్బంది వాటా కొంతవరకు పెరిగినప్పుడు ఉత్పాదకత పెరిగి, ఆ హద్దు దాటాక తగ్గినట్టు తేలింది.

జవాబు 2: పాతకాపు

పద్దుపుస్తకం గారి లెక్క సరైనదే. అయితే మీ సీనియర్ల గంటలు అందులో కూడా కనబడవు, అసలు నష్టం అక్కడే దాగి ఉంటుంది.

మా దగ్గర జరిగింది చెబుతాను. ఒక క్లయింటు పంపిన పట్టికలో 'తేదీ' అన్న గడి ఉండేది. 2019కి ముందటి వరుసల్లో అది ఆర్డరు వచ్చిన రోజు, ఆ తర్వాతి వరుసల్లో సరుకు చేరిన రోజు. ఈ సంగతి ఎక్కడా రాసి లేదు, జట్టులో ఒకరికి మాత్రమే తెలుసు. కొత్తగా వచ్చిన ఫ్రీలాన్సర్ చాలా సమర్థురాలు, మూడు రోజుల్లో చక్కటి నివేదిక ఇచ్చారు, కానీ అందులో సగటు వ్యవధులన్నీ తప్పు. ఆమెను తప్పుపట్టడానికేమీ లేదు. చెప్పవలసినవారు చెప్పలేదు, చెప్పాలన్న ఆలోచనే వారికి రాలేదు.

జట్టులో ఐదుగురు ఉంటే ఇద్దరిద్దరి మధ్య మాటలకు 10 దారులు, ఎనిమిది మంది అయితే 28. ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుకు మనుషులను చేర్చితే అది మరింత ఆలస్యమవుతుందని ఫ్రెడరిక్ బ్రూక్స్ 1975లోనే రాశారు. ఐబీఎం సిస్టమ్/360 కంప్యూటర్ల ఆపరేటింగ్ సిస్టమ్ పనిని దగ్గరుండి నడిపించిన మనిషి ఆయన. అందుకే నేను గడువు దగ్గర పడ్డాక బయటివారిని పిలవను, పిలిస్తే మొదటి వారంలోనే పిలుస్తాను.

జవాబు 3: ఒంటరిబాట

నేను ఫ్రీలాన్సర్‌ని, కాబట్టి అవతలి వైపు మాట కూడా వినండి. సంస్థలో లేని నైపుణ్యం కోసం, హద్దులు స్పష్టంగా ఉన్న పని కోసం నన్ను పిలిచినప్పుడు, ఇతర క్లయింట్ల దగ్గర నేర్చుకున్న పద్ధతులు కూడా వారికి అందుతాయి. ఖాళీ కుర్చీ నింపడానికి పిలిచినప్పుడు మాత్రం నా మొదటి రెండు రోజులు లాగిన్ అనుమతుల కోసం ఎదురుచూడటంతోనే సరిపోతుంది (ఆ రెండు రోజులకూ బిల్లు వేస్తాను లెండి).

ఇంకొక సంగతి. నాకు డబ్బు ఇచ్చేది నివేదికకు మాత్రమే. ఆ పని ఎలా చేశానో రాసిపెట్టమని అడిగినవారు చాలా తక్కువ, అడగనిదే నేను రాయను. ఒప్పందంలో అప్పగింత పత్రాన్ని ప్రత్యేక అంశంగా పెట్టి, దానికీ రుసుము చెల్లించండి. లేకపోతే నాతోపాటు నాకు తెలిసినదీ బయటికి పోతుంది.

పనివేళ

ముగ్గురికీ ధన్యవాదాలు. పోయిన నెల ముగిసిన ఒక ప్రాజెక్టు టైమ్‌షీట్లు తీసి చూశాను. ఫ్రీలాన్సర్లు 120 గంటలు పనిచేశారు. వారికి వివరించడానికి మా సీనియర్లకు 22 గంటలు, సరిదిద్దడానికి 31 గంటలు పట్టింది, ఈ 53 గంటలనూ 'ఇతరాలు' అన్న పద్దు కింద వేశారు. సోమవారం సమావేశంలో పద్దుపుస్తకం గారి పద్ధతిలో లెక్క వేసి, ఈ గంటలతో కలిపి చూపిస్తాను. పాతకాపు గారూ, మీ దగ్గర వివరించే గంటలకు టైమ్‌షీటులో విడిగా కోడ్ ఉందా?