యూరోపియన్ కప్ ఐస్ హాకీ: స్కోరు సమమైతే ఎవరు గెలిచినట్టు?

1965లో మొదలైన యూరోపియన్ కప్ గురించి తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? యూరప్ దేశాల లీగ్ చాంపియన్ క్లబ్బులు 1997 దాకా ఆడిన టోర్నీ అది. మొదటి మూడు కప్పులూ చెకోస్లొవేకియా జట్టు జెడ్‌కేఎల్ బ్ర్నోవి. ఆ తర్వాత సీఎస్‌కేఏ మాస్కో హవా: మొత్తం 20 టైటిళ్లు, అందులో 1978 నుంచి 1990 దాకా వరసగా 13! సోవియట్ ఆర్మీ జట్టు కదా, మంచి ఆటగాళ్లంతా అక్కడికే చేరేవారు.

నా డౌట్ నాకౌట్ రౌండ్ల గురించి. సొంత ఊళ్లో ఒకటి, అవతలివాళ్ల ఊళ్లో ఒకటి ఆడాక మొత్తం గోల్స్ సమానమైతే ఓవర్‌టైమా, షూటౌటా? 1977లో కప్పు కొట్టిన చెకోస్లొవేకియా జట్టు పోల్డి క్లాడ్నో గెలిచిన మ్యాచ్‌ల వీడియోలుంటే మరీ మంచిది. చెక్, రష్యన్ భాషల్లో ఉన్నా పర్లేదు, లింక్ పెట్టండి ప్లీజ్.