పొలంలో దింపిన మా సొంత విమానం: కారణం ఎలా తేల్చుకోవాలి?

అందరికీ నమస్కారం. మేం అమెరికాలో ఒహాయోలో ఉంటాం. మా అన్నయ్య ఐదేళ్లు గ్యారేజీలో కూర్చుని, ఒక్కో రివెట్ తనే కొట్టి కట్టుకున్న రెండు సీట్ల విమానం పోయిన శనివారం దెబ్బతింది. పక్క సీట్లో నేనే ఉన్నాను. దేవుడి దయవల్ల ఇద్దరం క్షేమం.

2,500 అడుగుల ఎత్తులో ఉండగా ఇంజిన్ వణకడం మొదలైంది. ఆర్‌పీఎం మెల్లగా పడిపోతోంది, కానీ ఆగలేదు. పూర్తిగా ఆగేదాకా చూడకుండా, కోసేసిన గడ్డి పొలంలో దింపేశాడు అన్నయ్య. ఆ నిర్ణయం సరైనదేనని నా నమ్మకం. కాకపోతే నేల మెత్తగా ఉంది. ముక్కు చక్రం కూరుకుపోయి విరిగింది, ప్రొపెల్లర్ నేలకు కొట్టుకుంది, ఫైర్‌వాల్ (ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్య ఉండే లోహపు అడ్డుగోడ) ముడత పడింది.

ఆ రోజు 12 డిగ్రీల సెల్సియస్, గాలిలో బాగా తేమ. కార్బ్యురేటర్‌లో మంచు పట్టిందేమోనని అనుమానం. ఆ మంచును కరిగించడానికి వేడి గాలిని పంపే కార్బ్ హీట్ మీటను ఆలస్యంగా లాగాం. మంచే అయితే ఈపాటికి కరిగిపోయింది కదా, మరి దాన్ని నిర్ధారించుకునేదెలా? ఇంధన గొట్టాలు, ఫిల్టర్, ఇగ్నిషన్ ఏ వరసలో చూడాలి?

విమాన ప్రమాదాలను దర్యాప్తు చేసే ఇక్కడి ప్రభుత్వ సంస్థ ఎన్‌టీఎస్‌బీకి అదే రోజు ఫోన్ చేశాం. చక్రాలు, ప్రొపెల్లర్ వరకే అయితే పెద్ద నష్టంగా లెక్కించరట. ఫైర్‌వాల్ ముడత సంగతేంటి? అది పెద్ద నష్టమై యాక్సిడెంట్ కిందికొస్తే 10 రోజుల్లో రిపోర్టు పంపాలి, అదే టెన్షన్.

ఇలాంటి ఫైర్‌వాల్‌ను బాగుచేసి మళ్లీ ఎగిరినవాళ్లు ఎవరైనా ఉన్నారా? అన్నయ్య హ్యాంగర్ వైపే వెళ్లడం లేదు. దయచేసి చెప్పండి.