షిఫ్ట్ డ్యూటీ, చంటి పాప, రెండు నెలల్లో సైకిల్ రేస్: ప్రాక్టీస్ ఎప్పుడు?

భీమిలిబాబు:
అందరికీ నమస్తే. నాది వైజాగ్, ప్లాంట్‌లో షిఫ్ట్ డ్యూటీ, ఏ బి సి మూడూ తిరుగుతుంటాయి. పాపకి ఏడాదిన్నర, మా ఆవిడకి కూడా ఉద్యోగం. ఫ్రెండ్స్ ఎగదోస్తే 60 కిలోమీటర్ల సైకిల్ రోడ్ రేస్‌కి పేరిచ్చేశా, రెండు నెలలుంది. ఆర్కే బీచ్ నుంచి భీమిలి వెళ్ళి రావడం అలవాటే గానీ రేస్ ఎప్పుడూ చెయ్యలేదు. ఎక్కడ చూసినా వారానికి 10, 12 గంటలు తొక్కాలంటున్నారు, నాకు కిందామీదా పడినా ఆరు దాటవు. సి షిఫ్ట్ పొద్దున్న 6కి దిగుతా కదా, పడుకోకుండా అటునుంచి అటే రెండు గంటలు తొక్కేస్తే ఎలా ఉంటుందంటారు? పెడల్ ఎంత బలంగా తొక్కుతున్నామో కొలిచే పవర్ మీటర్ లేదు, హార్ట్ రేట్ స్ట్రాప్ ఉంది.

పాతగేరు:
సి షిఫ్ట్ దిగి రోడ్డెక్కొద్దు గురూ, ముందు ఆ ఆలోచన తీసెయ్. రాత్రంతా మేలుకున్న కళ్ళతో స్కూల్ బస్సుల మధ్య తొక్కడం ప్రమాదం, పైగా నిద్ర లేకుండా ఎంత తొక్కినా ఒంటికి పట్టదు, అలసటే మిగులుద్ది. పడుకుని లేచాక సాయంత్రం ఓ ముప్పావు గంట తేలిగ్గా కాళ్ళు ఆడించు, అదీ ఓపికుంటేనే.

ఆరు గంటలు చాలు. 60 కిలోమీటర్లంటే రెండు గంటల పని, పదమూడున్నర గంటల టైమిచ్చే 200 కిలోమీటర్ల బీఆర్‌ఎం లాంగ్ రైడ్ కాదు కదా. నీకు సోమవారం మంగళవారం లేవు కాబట్టి షిఫ్ట్‌ని బట్టి వేసుకో, బి షిఫ్ట్‌లో పొద్దున్నంతా నీదే, గట్టి రైడ్‌లు అక్కడ పెట్టు. ఒక రోజు 20 నిమిషాలు ఆగకుండా రెండుసార్లు, పక్కవాడు ఏదైనా అడిగితే ముక్క ముక్కగా జవాబు చెప్పగలిగేంత జోరులో. పవర్ మీటరున్నోళ్ళు ఎఫ్‌టీపీలో (అంటే దాదాపు గంటసేపు నిలబెట్టుకోగలిగే గరిష్ఠ పవర్‌లో) 88 నుంచి 94 శాతం అనేది ఇదే. ఇంకో రోజు 4 నిమిషాల చొప్పున ఐదుసార్లు, ఇక్కడ అసలు మాట రాకూడదు, స్ట్రాప్ కూడా చూడకు, హార్ట్ రేట్ పైకెక్కేసరికే సగం టైం అయిపోద్ది. మిగతాదంతా తేలిక. ఆఖరి వారం గంటలు సగానికి దించు గానీ ఆ గట్టి తొక్కుడు పూర్తిగా మానకు.

ఇంకోటి, నైరుతి గాలి వేసే రోజుల్లో భీమిలి వెళ్ళేటప్పుడు స్పీడ్ మీటర్ 35 చూపించి మురిపిస్తుంది, అసలు సంగతి తిరిగొచ్చేటప్పుడు తెలుస్తుంది.

టిఫిన్‌బాక్సు:
పాతగేరు గారు చెప్పింది బానే ఉంది గానీ "పొద్దున్నంతా నీదే" దగ్గర నవ్వొచ్చిందండీ. ఇద్దరూ ఉద్యోగాలకెళ్ళే ఇంట్లో పొద్దున్న ఎవరిదీ కాదు. ఫ్రిజ్ మీద షిఫ్ట్ చార్ట్ ఉంటుంది కదా, దాని మీదే రైడ్‌లు రాసేయండి, మీ ఆవిడకీ అన్నే గంటలు రాయండి, ఆవిడ పడుకుంటారో బయటికెళ్తారో ఆవిడ ఇష్టం. అప్పటికప్పుడు "ఓ గంటలో వచ్చేస్తా" అంటేనే గొడవలు.

నేను పిల్లలు పడుకున్నాక ఇంట్లోనే ట్రైనర్ మీద, అంటే సైకిల్ కదలకుండా బిగించే స్టాండ్ మీద తొక్కుతా. స్మార్ట్ ట్రైనర్ అక్కర్లేదు, వెనక చక్రం రోలర్ మీద ఆనేది సెకండ్ హ్యాండ్‌లో చూడండి, దానికి పాత టైరే వెయ్యండి, మంచి టైరు అరిగిపోతుంది. మన ఉక్కకి టేబుల్ ఫ్యాన్ ఛాతీకి ఎదురుగా ఉండాల్సిందే, లేకపోతే కాళ్ళలో సత్తా ఉన్నా గుండె వేగం ఎక్కేస్తుంది. హ్యాండిల్ మీద తువ్వాలు కప్పకపోతే చెమట కారి హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోటుండే బేరింగ్ భాగం) బోల్టులు తుప్పు పడతాయి. అన్నిటికన్నా ముందు గదికి లోపల గడియ పెట్టుకోండి, ఏడాదిన్నర అంటే తిరిగే చక్రంలో వేలు పెట్టే వయసు.

చివరిచక్రం:
పాతగేరు చెప్పిన ఆ గట్టి తొక్కుడు ఇంటర్వెల్స్ అన్నీ ఓకే బ్రో, కానీ గుంపులో తొక్కడం రాకపోతే మొదటి పది కిలోమీటర్లలోనే వెనకబడిపోతావ్. ముందువాడి చక్రం వెనక నక్కితే మూడో వంతు దాకా శ్రమ తగ్గుద్ది, అది వదిలేసి ఒక్కడివే గాలికి ఎదురు తొక్కితే ఏ ఫిట్‌నెస్సూ చాలదు. ఆఫ్ వచ్చిన ఆదివారం గ్రూప్ రైడ్‌కి వెళ్ళు, తేలిక రైడ్ తీసేసైనా సరే. నీ ముందు చక్రం ఎదుటోడి వెనక చక్రం పక్కకి పోనివ్వకు, వాడు కాస్త పక్కకి జరిగితే పడేది నువ్వే. చూపు టైరు మీద కాదు, వాడి భుజం మీంచి ముందుకి.

భీమిలిబాబు:
థాంక్స్ అండీ అందరికీ. సి షిఫ్ట్ ప్లాన్ కేన్సిల్. చార్ట్ సంగతి మా ఆవిడకి చదివి వినిపించా, ఆదివారాలు తనకే రాసేసుకుంది 😅 గ్రూప్ రైడ్ కోసం ఇంకా బేరం నడుస్తోంది. రేస్‌లో బాటిల్‌లో ఓఆర్ఎస్ ఒక్కటే సరిపోద్దా?

పాతగేరు:
చాలదు. లీటరు ఓఆర్ఎస్‌లో గ్లూకోజ్ 13.5 గ్రాములే, అది నీళ్ళూ ఉప్పూ ఒంటికి పట్టడానికి. నీకు గంటకి ఓ 60 గ్రాముల పిండిపదార్థం కావాలి, అరటిపండుకి పాతిక దాకా వస్తుంది, మిగతాది పల్లీచిక్కీ కాకుండా ఖర్జూరం పెట్టుకో, రొప్పుతూ చిక్కీ నమల్లేవు. ఏది తిన్నా ముందు ప్రాక్టీస్‌లో తిని చూడు.