మూసీ నీళ్ల చెరువుల్లో ఆల్గేకు అడ్డం ఏది: వెలుతురా, భాస్వరమా?

తూము: మూసీ కత్వల (ఏటి మీది అడ్డుకట్టల) కింద నిండే చెరువుల్లో నత్రజనికీ భాస్వరానికీ కొదవ లేదు. అయినా ఆల్గే (నీళ్లను పచ్చబరిచే సన్న నాచు) ఒక మేర దాటదు, దాని నీడే దానికి అడ్డం. నీళ్ల తేట కొలవడానికి దించే సెక్కీ పళ్లెం 20 సెం.మీ. లోతులో మాయమైతే వెలుతురు చేరేది దానికి దాదాపు రెండున్నర రెట్ల లోతుకు, అంటే అర మీటరు. చెరువు 2 మీటర్లు. గాలికి నీళ్లు కలిసినంతసేపూ ఆల్గే ముప్పావు వంతు చీకట్లోనే. భాస్వరం సగం చేసినా రంగు మారదు.

అలుగు: కాదన్నా. కెనడాలో ప్రయోగాలు చేసే సరస్సుల్లో 226వ నంబరుదాన్ని 1973లో నడుమ తెర కట్టి రెండు చేసిన్రు. రెండు పక్కలా కర్బనం, నత్రజని. భాస్వరం ఒక్క పక్కనే. ఆ పక్కే పచ్చబడ్డది. ఇంకేం కావాలె?

తూము: అవి తేట నీళ్లు. మనది మురుగు.

కట్టమీద: సీసాల్లో చూస్తే అయిపాయె. ఒకటి ఉత్త చెరువు నీళ్లు, ఒకటి యూరియా, ఒకటి డీఏపీ.

అలుగు: డీఏపీ వద్దు, అందులో నత్రజని 18 శాతం. ఏది పనిచేసిందో తెల్వదు. డ్రిప్‌కు వాడే 0-52-34 (నత్రజని లేని భాస్వరం, పొటాష్ ఎరువు) చిటికెడు వెయ్యి. అదీ యూరియా రెండూ కలిపిన సీసా కూడా ఒకటి పెట్టు. నాలుగు రోజులు చూడు.

తూము: బెత్తెడు లోతులో కడితే వెలుతురు కొరతే ఉండదు, జవాబు భాస్వరమనో నత్రజనో వస్తది. ఇంకో జత మీటరు కింద కట్టు.

అలుగు: మళ్లీ సీసాలే! అవి నాలుగు రోజుల మాటే చెప్తయ్. అక్కడే 227వ సరస్సులో 1990 నుంచి నత్రజని పోయడం ఆపి, భాస్వరం ఒక్కటే పోసిన్రు. గాలి నుంచి నత్రజని పట్టే నీలాకుపచ్చ రకాలు ఆ లోటు పూడ్చినయ్.

పటిక: లొల్లెందుకు? తాగే నీళ్లలో ఫ్లోరైడ్ తియ్యడానికి నల్గొండ పద్ధతిలో పటిక, సున్నం వాడలేదా? చెరువులో కూడా పటిక పోయండి.

తూము: పటిక భాస్వరాన్ని పట్టేది పీహెచ్ (ఆమ్ల, క్షార గుణం కొలత) 6–8 నడుమ. ఆల్గే చెరువులో మధ్యాహ్నం పీహెచ్ 9 దాటుతది, పట్టింది మళ్లీ వదులుతది. పోస్తే తెల్లారుజామున్నే పోయాలె.

అలుగు: పైనుంచి మురుగు వస్తుంటే ఎన్ని బస్తాలు పోస్తరు? అసలు సంగతి చెప్పు. ఈ వెలుతురు లెక్క చూపించే కదా, శుద్ధి ప్లాంట్లలో భాస్వరం తియ్యనక్కర లేదంటున్నరు?

తూము: నేనెప్పుడన్న? ఈ ఎండాకాలం ఏం జరుగుతదో నేను చెప్తున్న. నువ్వు పదేండ్ల తర్వాతది చెప్తున్నవ్.

అలుగు: ఆ ఎండాకాలం లెక్కతోనే మైలుతుత్తం చల్లుతరు. చచ్చిన ఆల్గే కుళ్లి ఆక్సిజన్ తాగుతది, తెల్లారేసరికి చేపలు నోళ్లు తెరుస్తయ్.

తూము: అది ఒప్పుకుంట. కానీ భాస్వరం లీటరుకు మిల్లీగ్రాము ఉన్నకాడ సగం తీసి పండుగ చేసుకోకు. 0.1 కిందికి రావాలె. పైనది ఆపినా అడుగు బురద కొన్నేండ్లు వదులుతనే ఉంటది.

అలుగు: అందుకే ఇయ్యాల్నే మొదలుపెట్టాలంటున్న.

కట్టమీద: మీటరు కింద సీసా తేలకుండా ఏం కడతరు? గులకరాళ్లు చాలునా?