బోర్డు ఎల్ఈడీ నియాన్‌లో ఇంట్లోనే చేస్తాండా: తెలుగు అక్షరాలు కుదురుతాయా, ఇంగ్లీషే పెట్టాల్నా?

కొర్లగుంట కుర్రోడు:
అన్నలూ అక్కలూ, మా మామ తిరుపతి బస్టాండు కాడ టిఫిన్ సెంటర్ పెడతాండాడు, పేరు శ్రీనివాస టిఫిన్స్. బోర్డు నేనే చేస్తానని మాటిచ్చేసినా. 12 వోల్టుల నియాన్ ఫ్లెక్స్ (మెత్తని గొట్టం మాదిరి వంగే ఎల్ఈడీ స్ట్రిప్) 5 మీటర్లు, అక్రిలిక్ షీటు తెచ్చినా. మా బావేమో తెలుగు వంపులకి స్ట్రిప్ తెగిపోతాది ఇంగ్లీషులో పెట్టు అంటాడు, మామకి తెలుగే కావాల.

చిత్తూరోడు:
మీ బావ మాటే కరెక్టు. బస్సు దిగేవాళ్ళలో తమిళనాడు, కర్ణాటకోళ్ళు ఎంతమంది, వాళ్ళకి తెలుగు చదవను రాదు. ఇంగ్లీషు ఐ అంటే నిలువుగా ఒక ముక్క అతికిస్తే అయిపోయె. మా స్టూడియోకి ఒక్క సాయంత్రంలో చేసినా.

బైరాగిపట్టెడ అక్క:
సులువని చెప్పి మన అక్షరాన్ని వదిలేయమంటే నేను ఒప్పుకోను తమ్ముడూ. తెగేది వంపుకి కాదు. ఆ ఫ్లెక్స్ ఒక పక్కకే వంగుతాది, మెలి తిప్పినావంటే లోపలి పట్టీ పోతాది, అంతే. శ్రీ నేను మూడు ముక్కల్లో చేసినా: శ ఒకటి, పైన గుడి దీర్ఘం ఒకటి, కింద నుంచి చుట్టుకొచ్చే క్రావడి ఒకటి, ప్రతి ముక్కకీ షీటుకి బెజ్జం వేసి ప్లస్సు మైనస్సు వెనక్కి లాగి కలిపినా. కత్తిరించేది గుర్తు ఉన్న కాడే, మామూలుగా 2.5 సెంటీమీటర్లకి ఒకటి ఉంటాది, మిగిలిన తోకకి నల్ల టేపు చుట్టు. అక్షరం జానెడు ఎత్తన్నా లేకుంటే మాత్రం గుడులన్నీ ముద్దగా కనిపిస్తాయి.

ఇంకోటి, కోసిన చివర్లకి క్యాపు పెట్టి సిలికాన్ పూయి. 2021 నవంబరు వానల్లో నా బోర్డులో దీర్ఘం ముక్కలోకి నీళ్ళు దిగి అది ఒక్కటే ఆరిపోయింది, తప్పు నాదే, చివర మూయలేదు.

చిత్తూరోడు:
సరే అక్కా, చేయొచ్చు. బయటూరోళ్ళ సంగతేంది మరి?

బైరాగిపట్టెడ అక్క:
ఇంగ్లీషు కింద స్టిక్కరుతో వేయండి, ఎవురొద్దన్నారు. మన రాష్ట్రంలో షాపుల రూల్సు కూడా అదే చెప్తాయి, తెలుగు పైన, వేరే భాష దాని కింద. ఇడ్లీ వాసనకి వచ్చేటోడికి భాష అడ్డమా! అడాప్టరు మాత్రం సరిగ్గా చూసుకో, మీటరుకి 10 వాట్ల లెక్కన 5 మీటర్లకి 50 వాట్లు, అంటే నాలుగు ఆంపియర్ల పైనే, 6 ఆంపియర్లది తీసుకో, చిన్నది పెడితే కాలిపోతాది.

చిత్తూరోడు:
రూల్సు సంగతి ఒప్పుకుంటా. కానీ రాత్రిపూట స్టిక్కరు కనపడదు, దానికీ ఒక లైటు ఉండాల్సిందే, ఈ మాట మీద నేను తగ్గను.

కొర్లగుంట కుర్రోడు:
ప్రింటు మీద నూలు పరిచి కొలిచినా అక్కా, శ్రీకే 1 మీటరు 40 సెంటీమీటర్లు పట్టింది. శ్రీనివాస వరకు ఫ్లెక్స్, టిఫిన్స్ పెయింటు. స్టిక్కరు పైన చిన్న ట్యూబులైటు పెడతా అన్నా. మామకి చూపిస్తే శ్రీ ఒక్కటీ ఎర్రగా కావాలంటాండాడు, రేపు ఇంకో రోలు తేవాల.