ధర అనుకోకుండా క్యాటరింగ్ పెట్టించాం, బిల్లు 1,55,996. ఎలా తేల్చుకోవాలి?

ప్రశ్న
గుంటూరులో గృహప్రవేశం, ఇంటి దగ్గరే శాకాహారం బఫే. 180 మంది అని ఫోన్లో చెప్పి, మెనూ వాట్సాప్‌లో పంపి, 20,000 అడ్వాన్సు ఇచ్చాం. ప్లేటు ఎంతో మేం అడగలేదు, ఆయన చెప్పలేదు. ఇప్పుడు బిల్లు ఇలా ఉంది: 240 ప్లేట్లు × 480 = 1,15,200. వడ్డన 8 మందికి 8,000. ట్రాలీ ఆటో 4,000. నీళ్ల సీసాలు 250 × 20 = 5,000. వీటిమీద 18 శాతం జీఎస్టీ 23,796. ఆయన సామాను ఇంకా మా ఇంట్లోనే ఉంది. తేలేదాకా ఆపొచ్చా?

జవాబు 1
సామాను ఈరోజే పంపించేయండి. గుండిగలు, గరిటెలు లెక్కపెట్టి, ఫొటో తీసి, ముట్టినట్టు సంతకం పెట్టించుకోండి. ఆపితే బిల్లు గొడవ కాస్తా మీమీద పోలీసు ఫిర్యాదు అవుతుంది.

ఇక 240 ఎక్కడిదో అడగండి. ప్లేట్ల ప్యాకెట్లు ఎన్ని దించారు, విప్పనివి ఎన్ని వెనక్కి వెళ్లాయి? వాడిన ప్లేట్లన్నీ అతిథులవి కావు. వడ్డనవాళ్లు, డ్రైవర్లు తిన్నవీ, పిల్లలు సగంలో పడేసి మళ్లీ తీసుకున్నవీ అందులోనే ఉంటాయి. బియ్యం లెక్కా చూడండి: పులిహోర కాకుండా, కిలో బియ్యం ఎనిమిది పదిమందికి వస్తుంది. 20 కిలోలే వండితే 240 మంది అంటే అనుమానించాల్సిందే. అయితే 180 అని మీరే చెప్పారు కాబట్టి, తక్కువమంది తిన్నా 180కి ఇవ్వడం ఈ వ్యాపారంలో మామూలే.

వడ్డన చాలాచోట్ల ప్లేటు రేటులోనే కలిసి ఉంటుంది. విడిగా వేశారంటే రేటు ఆమేరకు తగ్గాలి.

జవాబు 2
ముందు పన్ను సంగతి. ఇంటి దగ్గర పెట్టే క్యాటరింగ్‌కి జీఎస్టీ 5 శాతమే. 18 శాతం గదుల అద్దె ఎక్కువ ఉండే పెద్ద హోటళ్ల ఆవరణలో పెట్టినప్పటి మాట. బిల్లుమీద 37తో మొదలయ్యే జీఎస్టీ నంబరు ఉందా? ఉంటే జీఎస్టీ పోర్టల్లో కొట్టి చూడండి, లాగిన్ అక్కర్లేదు. కంపోజిషన్ (చిన్న వ్యాపారులకు ఉండే పన్ను పద్ధతి) అని వస్తే విడిగా పన్ను వసూలు చేయకూడదు. నంబరే లేకపోతే అసలు అడగకూడదు. సీసామీద ఎంఆర్‌పీ చూడండి. అందులో పన్ను కలిసే ఉంటుంది, మళ్లీ వేయడం కుదరదు.

ధర అనుకోలేదు కాబట్టి ఇవ్వక్కర్లేదు అనుకోవద్దు. 1872 కాంట్రాక్టు చట్టం 70వ సెక్షన్ ప్రకారం, ఉచితంగా చేయని పనిని అనుభవించినవారు దానికి తగ్గ సొమ్ము ఇవ్వాలి. అలాగని ఆయన రాసిందల్లా తగిన ధర అయిపోదు. అదే మెనూ, అదే మందికి ఊళ్లో ముగ్గురిని రాతపూర్వకంగా అడగండి. మధ్య రేటు 360 వచ్చి, లెక్క 190కి తేలిందనుకోండి: 68,400, ఆటో 4,000, పన్ను 3,620. మొత్తం 76,020, అడ్వాన్సు పోను 56,020. నీళ్ల సీసాలు ఎంఆర్‌పీ చొప్పున దీనికి కలపండి.

అంతమేరకు బ్యాంకు ద్వారా పంపి, వాట్సాప్‌లో ఇలా రాయండి: "మేం ఒప్పుకునే మొత్తం ఇది. 240 ప్లేట్ల లెక్క, 480 రేటుకి ఆధారం చూపిస్తే మిగతాది మాట్లాడదాం."

ప్రశ్న అడిగినవారు
ఆయన మొత్తానికి చెక్కు అడుగుతున్నారు. ఇచ్చేసి తర్వాత బ్యాంకులో ఆపించమని మా బావగారు అంటున్నారు.

జవాబు 3
వద్దండి. చెల్లింపు ఆపించినా నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138 సెక్షన్ కింద చెక్కు కేసు పెట్టొచ్చు. అప్పుడు బాకీ లేదని చూపించుకునే భారం మీమీద పడుతుంది. నగదు ఇస్తే రసీదు తీసుకోండి. బేరం తెగితే "పూర్తిగా ముట్టింది, ఇక బాకీ లేదు" అని రాయించండి. తెగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్: రెండేళ్లలోపు వేయాలి, 5 లక్షల దాకా ఫీజు లేదు.