మాత్ర పనిచేస్తున్నప్పుడే నాన్న పడిపోతున్నాడు, డోసు తగ్గిస్తే తప్పేంటి?

నిద్రలేని_రాత్రి
నాన్నకి 71. పార్కిన్సన్స్ మొదలై తొమ్మిదేళ్లు. లెవోడోపా కార్బిడోపా మాత్ర రోజుకి ఐదు సార్లు. మాత్ర ప్రభావం దిగిపోయినప్పుడు ఆయన కుర్చీలోంచి లేవలేడు, లేవలేడు కాబట్టి పడడు. మాత్ర ఎక్కాక లేచి గబగబా నడుస్తాడు, పడతాడు. నెలలో మూడు సార్లు, మూడూ మాత్ర బాగా ఎక్కిన టైంలోనే. మూడోసారి కనుబొమ్మ మీద కుట్లు పడ్డాయి. డాక్టర్ని అడిగితే నడక బావుందిగా అని నాలుగు నిమిషాల్లో పంపించేశాడు. తలకి లైట్లున్న టోపీ పెట్టి నడిపిస్తూ మెదడు పని కొలుస్తారంట, అది చదివాను. మాత్ర వేసుకున్నాక నడిచేటప్పుడు మెదడు ముందు భాగం పని తగ్గిందని రాశారు. అంటే మాత్ర కాళ్లని లేపుతోంది, బుర్రని పడుకోబెడుతోంది అనేగా? డోసు తగ్గిస్తే తప్పేంటో చెప్పండి. డాక్టర్ని అడగండి అని మాత్రం చెప్పకండి, అడిగే వచ్చా.

గడియారం_తాత
బాబూ, నేను పేషెంటునే, పన్నెండేళ్ల సర్వీసు. మాత్ర దిగిపోయిన కాళ్లు ఎలా ఉంటాయో నువ్వు బయటి నుంచి చూశావు, నేను లోపలి నుంచి చూశాను. నేల పాదాన్ని పట్టేసుకుంటుంది, ఎవరో గమ్ము పూసినట్టు. అడుగు వెయ్యి అని మనసు చెబుతూనే ఉంటుంది, కాలికి వినపడదు. మాత్ర ఎక్కాక ఆ మాట వినపడుతుంది, అంతే. పడకుండా ఉంటాడని మనిషిని కుర్చీకి అతికిస్తావా?

ప్రశ్నల_బుట్ట
లెవోడోపా ఐదేళ్లే పనిచేస్తుంది, ఎంత లేటుగా మొదలుపెడితే అంత మంచిది, ఇది అందరికీ తెలిసిందే. తగ్గించడమే కరెక్టు.

చిన్నఅడుగులు
ప్రశ్నల_బుట్ట గారూ, అందరికీ తెలిసిన ఆ మాట మీద నిజంగానే ట్రయల్ చేశారు, 2019లో ఫలితాలొచ్చాయి. 445 మంది. సగం మందికి ముందే మందిచ్చారు, మిగతా సగానికి 40 వారాలు ఆగి ఇచ్చారు. 80 వారాలకి చూస్తే రెండు గుంపులకీ జబ్బు తీవ్రతలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ముందే వాడితే పాడవలేదు, ఆపుకుని కూర్చుంటే మిగిలిందీ లేదు. ఘనాలో, ఇటలీలో పేషెంట్లని పోల్చి 2014లో ఇంకోటి రాశారు, ఘనాలో మందు దొరక్క చాలా ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్లకి కూడా మాత్ర ఎక్కడం దిగడం అనే గొడవ దాదాపు అన్నేళ్ల జబ్బుకే వచ్చింది. అంటే అది ఎన్నేళ్లుగా మాత్ర మింగుతున్నారనే దానికంటే జబ్బు ఎంత ముదిరిందనే దాన్ని బట్టి వస్తుంది.

నిద్రలేని_రాత్రి గారూ, నేను ఫిజియోథెరపిస్టుని, మీ ప్రశ్నకి తర్వాత వస్తాను. ముందు ఒకటి చెప్పండి, మూడు సార్లూ ఎక్కడ పడ్డారు, ఆ క్షణంలో ఏం చేస్తున్నారు? కుర్చీలోంచి లేవగానేనా, తిరిగేటప్పుడా, గుమ్మం దగ్గరా?

నిద్రలేని_రాత్రి
ఎక్కడ పడితే ఏంటండీ, పడ్డాడా లేదా? నా ప్రశ్న బుర్ర గురించి. ముందు మెదడు పని తగ్గడం మంచిదా చెడ్డదా? సూటిగా చెప్పండి.

గడియారం_తాత
మంచిదే. నడక గురించి ఆలోచించక్కర్లేకపోవడం ఎంత అదృష్టమో నీకేం తెలుస్తుంది. మాత్ర దిగినప్పుడు నేను ఒక్కో అడుగూ లెక్కపెట్టుకుని వేస్తా, కుడి, ఎడమ, మడమ, మళ్లీ కుడి. వంటింటి దాకా వెళ్లేసరికి ఎందుకొచ్చానో మర్చిపోతా. మాత్ర ఎక్కాక కాళ్ల సంగతి కాళ్లు చూసుకుంటాయి. నీ టోపీలో తగ్గింది ఆ లెక్కపెట్టే పనే.

నిద్రలేని_రాత్రి
మీకు మంచిది కాబట్టి అందరికీ మంచిదేనా. ఆయన లెక్కపెట్టుకుని నడిచినన్నాళ్లూ పడలేదు సార్. లెక్క మానేశాకే పడ్డాడు. దీనికేమంటారు?

చిన్నఅడుగులు
ఇద్దరూ ఒకే ముక్క పట్టుకుని లాగుతున్నారు, కాస్త విప్పుతాను, ఓపిగ్గా చదవండి.

అలవాటైన నడకని నడిపించేది మెదడు లోతుల్లో ఉన్న బేసల్ గాంగ్లియా, అందులోనూ పుటామెన్ అనే చోటు వెనక భాగం. పార్కిన్సన్స్‌లో డోపమైన్ అనే మెదడు రసాయనం ముందుగా, ఎక్కువగా ఎండిపోయేది సరిగ్గా అక్కడే. ఆ దారి మూసుకుపోయాక ముందు మెదడు నడక బరువు తనే మోస్తుంది. అందుకే మందు లేకుండా నడిస్తే ముందు భాగం ఎక్కువ పనిచేస్తూ కనపడుతుంది. లెవోడోపా మెదడులోకి వెళ్లి డోపమైన్‌గా మారితే పాత దారి కొంత తెరుచుకుంటుంది. లోపల ఇంకో మార్పు కూడా కొలిచారు. మెదడు లోతుల్లోనే ఉన్న సబ్‌థలామిక్ న్యూక్లియస్ అనే చిన్న నాడీకణాల గుంపులో సెకనుకి 13 నుంచి 30 సార్లు కొట్టుకునే బీటా లయ ఉంటుంది, పార్కిన్సన్స్‌లో అది మితిమీరి శరీరాన్ని ఉన్నచోటే పట్టేసినట్టు చేస్తుంది, మాత్ర వేశాక తగ్గుతుంది. తాతగారు చెప్పిన గమ్ము వదలడం చాలావరకు అదే. కాబట్టి పని తగ్గింది అన్నంత మాత్రాన బుర్ర పడుకుంది అని కాదు, అయితే టోపీ పరీక్షలన్నీ ఒకే మాట కూడా చెప్పట్లేదు. నడుస్తూ ఇంకో పని చెయ్యమన్నప్పుడు మాత్ర మీద ముందు భాగం పని పెరిగిందని చూసినవాళ్లూ ఉన్నారు.

ఇప్పుడు నిద్రలేని_రాత్రి గారి వైపు మాట. మాత్ర నడకలో అన్నిటినీ బాగుచెయ్యదు. అడుగు పొడవు పెరుగుతుంది, వేగం పెరుగుతుంది. బ్యాలెన్స్ అంతగా బాగుపడదు, అడుగుల మధ్య లయ కూడా పూర్తిగా దారికి రాదు. వాటిలో డోపమైన్ కాకుండా వేరే రసాయనాలకి కూడా వాటా ఉంది, ముఖ్యంగా ఎసిటైల్‌కోలిన్. అంటే మీ నాన్నగారు మాత్ర మీద వేగంగా నడుస్తున్నారు, తూలితే నిలదొక్కుకునే శక్తి మాత్రం పాతదే. కారు ఇంజను బాగుచేశాం, బ్రేకులు ముట్టుకోలేదు. ఆపైన డోపమైన్ అంతగా ఎండిపోని చోట్లకి కూడా అదే డోసు వెళ్తుంది, అక్కడ ఎక్కువై కొందరికి తొందరపాటు వస్తుంది. మీ అనుమానం గాల్లోంచి పుట్టలేదు. డోసు తగ్గిస్తే తీరుతుందన్నదే తప్పు.

మళ్లీ అడుగుతున్నా, ఎక్కడ పడ్డారు?

నిద్రలేని_రాత్రి
చూశారా తాతగారూ, బ్రేకులు లేవని ఆవిడే ఒప్పుకుంది. బ్రేకుల్లేని బండికి ఇంజను తగ్గించడమే తెలివైన పని.

గడియారం_తాత
నడిచి నడిచి పరుగైపోయే జబ్బుని జేమ్స్ పార్కిన్సన్ 1817లోనే రాశాడు. ఒళ్లు ముందుకి వంగడం, నడక పరుగులోకి మారడం. అప్పటికి మాత్ర ఎక్కడుంది? లెవోడోపా మనుషుల మీద ప్రయత్నించింది 1961లో. పరుగు జబ్బుది, మాత్రది కాదు. ఆవిడ మాటల్లో నీక్కావలసిన ముక్క ఏరుకోవడం మానెయ్.

పక్కింటి_నిశ్శబ్దం
మా ఆయనకి లేవగానే బీపీ పడిపోయేది. మేమూ మాత్ర వల్ల కాళ్లు తేలిపోతున్నాయనుకున్నాం. పడుకోబెట్టి, నిలబెట్టి బీపీ చూడండి.

చిన్నఅడుగులు
ఇది చాలా మంచి మాట. జబ్బు వల్లా జరుగుతుంది, లెవోడోపా వల్లా జరుగుతుంది. అందుకే ఎక్కడ పడ్డారని అడుగుతున్నా, మూడోసారి.

ప్రశ్నల_బుట్ట
ఇంతకీ తగ్గించాలా వద్దా? ఇంత రాశారు, ఒక్క ముక్క తేలలేదు.

నిద్రలేని_రాత్రి
తేలింది. నేను తగ్గించేశా. పది రోజులైంది. మధ్యాహ్నం రెండు మాత్రలూ సగం సగమే ఇస్తున్నా. పది రోజుల్లో ఒక్కసారి కూడా పడలేదు. ఇదే నా సాక్ష్యం, ఘనా ఇటలీ నాకక్కర్లేదు.

గడియారం_తాత
ఆయనకి చెప్పావా?

నిద్రలేని_రాత్రి
చెబితే ఒప్పుకుంటాడా.

గడియారం_తాత
సిగ్గుండాలి. మా ఇంట్లోనూ ఒకడున్నాడు నీలాంటివాడు. పోయినేడాది నా చేతికర్ర తీసి బీరువాలో పెట్టి తాళం వేశాడు, కర్ర ఉంటే లేస్తానని. నా మంచికేనంట. నేను 35 ఏళ్లు ఉద్యోగం చేసి వందమందికి పని చెప్పినవాణ్ణి, బాత్రూంకి వెళ్లాలంటే వాడు ఫోన్లో మాట్లాడ్డం అయ్యేదాకా ఆగాలి. మీకు కావలసింది నాన్న పడకపోవడం కాదురా, మీకు కంగారు లేకపోవడం. కూర్చున్న నాన్న ఫర్నిచరు, తుడిస్తే చాలు. పది రోజుల్లో ఒక్కసారీ పడలేదు అన్నావే, పది రోజుల్లో ఎన్నిసార్లు లేచాడో చెప్పు ముందు!

నిద్రలేని_రాత్రి
మీ కొడుకు మీద కోపం నా మీద చూపించకండి. అర్ధరాత్రి రక్తం తుడిచింది నేను. కుట్లు వేసేటప్పుడు ఆయన చెయ్యి పట్టుకుంది నేను. తుంటి విరిగితే మంచాన పడతాడు, అప్పుడు మీరొచ్చి చూస్తారా? ఉద్యోగం సగం మానేసి ఇంట్లో కూర్చున్నా నేను. కంగారు లేకపోవడం కావాలంటే తప్పా? అవును, నాకు కంగారు లేకుండా ఒక్క రాత్రి కావాలి.

మోడరేటర్
ఇద్దరూ కాస్త తగ్గండి. "సిగ్గుండాలి" లాంటి మాటలు మళ్లీ వస్తే థ్రెడ్ మూసేస్తా. చెప్పకుండా డోసు మార్చడం గురించి ఒక మాట: ఈ మందులు ఒక్కసారిగా బాగా తగ్గించినా ఆపినా తీవ్రమైన జ్వరం, ఒళ్లు బిగుసుకుపోవడం వచ్చి ప్రాణం మీదకి రావచ్చు. ఇది చూసి ఇంకెవరూ ప్రయత్నించకండి.

పక్కింటి_నిశ్శబ్దం
నేనూ చివరి రెండేళ్లు ఆయన్ని లేవనివ్వలేదు. పడలేదు. మింగడం కష్టమైంది, కాళ్లు సన్నబడ్డాయి. తప్పో ఒప్పో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నా. ఎవరినీ అనట్లేదు.

చిన్నఅడుగులు
నిద్రలేని_రాత్రి గారూ, మిమ్మల్ని ఎవరూ దోషి అనట్లేదు. తాతగారు కూడా, ఆయన కోపం ఎవరి మీదో మనకి తెలిసిపోయింది. కానీ సాక్ష్యం అన్నారు కాబట్టి అడుగుతున్నా, ఈ పది రోజుల్లో ఆయన నడక ఎలా ఉంది?

నిద్రలేని_రాత్రి
(రాత్రి 1:40)
మధ్యాహ్నం మాత్ర పనిచెయ్యట్లేదు. గుమ్మం దగ్గర ఆగిపోతున్నాడు, పాదాలు ఉన్నచోటే టకటక కొట్టుకుంటాయి గానీ ముందుకి పడవు. నిన్న అక్కడే అయిదు నిమిషాలు నిలబడ్డాడు, పిలవలేదు కూడా. నేనొచ్చి చూసేసరికి గోడ పట్టుకుని ఉన్నాడు. "మందు మార్చారేమోరా, ఇది బలం లేదు" అన్నాడు. నేనేం మాట్లాడలేదు.

మీరు అడిగింది చెబుతా. మొదటిసారి హాల్లో, వెనక్కి తిరుగుతూ. రెండోసారి వంటింటి గుమ్మంలో, గ్లాసు పట్టుకుని. మూడోసారి, కుట్లు పడ్డప్పుడు, నడుస్తున్నాడు బాగానే. నేను వెనక నుంచి "నాన్నా మెల్లగా, జాగ్రత్త" అని అరిచా. తల తిప్పి నా వైపు చూశాడు.

మొదటిసారీ అంతే. నేనే పిలిచా.

ప్రశ్నల_బుట్ట
ఓహ్.

చిన్నఅడుగులు
ఇది చాలా ఇళ్లల్లో జరిగేదే, మీ ఒక్కరిదే అనుకోకండి. ఆయనకి నడక కాస్త తనంతట తనే సాగుతున్నా ముందు మెదడులో మిగిలింది తక్కువ, ఆ మిగిలినదాన్ని మనం పిలిచి లాక్కుంటాం. మాట, గ్లాసు, తిరగడం, మూడూ అదే జాతి. ఎదురుగా వెళ్లి, ఆయన ఆగాక మాట్లాడండి. తిరిగేటప్పుడు ఉన్నచోటే మెలి తిరక్కుండా చిన్న అర్ధచంద్రం తిప్పించండి. గుమ్మం ముందు నేల మీద అడ్డంగా రంగు టేపు గీతలు వేస్తే వాటిని దాటుతూ అడుగు పడుతుంది, అది ముందు మెదడుని కావాలనే వాడే పద్ధతి, తాతగారి లెక్కపెట్టే నడకకి చుట్టమే. రోజంతా మాత్ర వేసిన టైము, ఎక్కిన టైము, దిగిన టైము రాయండి. లెవోడోపా రక్తంలో గంటన్నరకి సగమైపోతుంది, మాత్రల మధ్య గ్యాపు వల్లే కొండ ఎక్కి దిగినట్టు ఉంటుంది, డోసు కంటే టైములు మార్చడం మీద డాక్టరు ఆలోచించే అవకాశం ఉంది. భోజనానికి అరగంట ముందు వేస్తున్నారో లేదో కూడా రాయండి, ప్రొటీన్ మాత్రకి అడ్డొస్తుంది. బీపీ చూడండి. లయ సరిగా లేని నడకకి రివాస్టిగ్మిన్ అనే మందుని 130 మంది మీద చూసి అడుగులు కుదురుగా పడ్డాయని 2016లో రాశారు, వికారం కూడా వచ్చింది, అడిగి చూడండి. ముఖ్యంగా సగం మాత్రల సంగతి రేపు పొద్దున్నే ఫోన్ చేసి డాక్టరుకి చెప్పండి, చెప్పకుండా పూర్తి డోసుకి కూడా మీ అంతట మీరు వెళ్లకండి.

గడియారం_తాత
టేపు పసుపుది వెయ్యి, మా ఇంట్లో నీలం వేశారు, సాయంత్రం కనపడదు.

డాక్టరు సంగతి తర్వాత, ముందు మీ నాన్నకి చెప్పు. బలం లేదని కనిపెట్టినవాడు ఇవాళో రేపో సగం ముక్క కూడా కనిపెడతాడు. నోరు జారాను, సిగ్గు అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. ఫర్నిచరు అన్న మాట తీసుకోను.

నిద్రలేని_రాత్రి
తీసుకోకండి.

ఇప్పుడే లేచాడు, నీళ్లకి. పిలవకుండా కూర్చున్నా, పళ్లు బిగబట్టుకుని. గుమ్మం దగ్గర ఆగాడు. ఇంకా అక్కడే ఉన్నాడు, ఎదురుగా వెళ్తున్నా. మిగతాది పొద్దున రాస్తా.